నత్త నిర్ధారించిన ఉత్తరం

మొగలిపూడి పురపాలక సంఘంలో ఉత్తర దిక్కు మార్చి నెలాఖరుదాకా ఉండేది. పట్టణ ప్రణాళిక విభాగంలో, నా బల్ల సొరుగులో, ఒక ఇత్తడి దిక్సూచి ఉండేది. ఎవరైనా ఇల్లు కట్టుకుంటామని దరఖాస్తు పెడితే నేనూ, కొలత గొలుసు పట్టే చైన్‌మన్ సూరన్నా వెళ్లి, దాన్ని స్థలం మధ్యలో పెట్టి, ముల్లు ఎటు ఆగితే అటు ప్లాను కాగితం మీద బాణం గుర్తు వేసేవాళ్లం. పది నిమిషాల పని. ఇరవై రెండేళ్లుగా బాణాలు వేస్తున్నాను. ఒక్క బాణం మీదా ఫిర్యాదు రాలేదు.

మార్చిలో ఆడిట్ వారు వచ్చారు.

"ఈ పరికరం చూపేది ఉత్తరమేనని ధ్రువీకరించిన అధికారి ఎవరు?" అని అడిగారు.

ఎవరూ లేరు. దిక్సూచి కొన్నప్పటి ఇంజనీరు పోయి చాలా కాలమైంది. "ధ్రువీకరణ లేని పరికరముతో దిశలు నిర్ణయించుట అభ్యంతరకరము" అని రాసి, దిక్సూచిని కవర్లో పెట్టి సీలు వేసి పట్టుకుపోయారు. ఆ రోజు నుంచి మా ఊళ్లో ఎవరి ఇంటికీ అనుమతి లేదు.

మా కమిషనర్ విశ్వంభరంగారు చెడ్డమనిషి కారు. అందరికంటే ముందు వస్తారు, అందరి తర్వాత వెళతారు. ఎవరి చేతి కాఫీ కూడా ముట్టరు. ఆయనకున్న అలవాటల్లా సదస్సులకు వెళ్లి రావడం. ఒక సదస్సు నుంచి వచ్చాక ఆఫీసంతా నెల రోజులు నిలబడి పనిచేశాం. ఇంకొక సదస్సు తర్వాత ప్రతి ఫైలుకూ ఒక తులసి ఆకు జతపరిచాం. ఏప్రిల్లో ఆయన "ప్రకృతి ఆధారిత పరిపాలన" అనే రెండు రోజుల సదస్సుకు వెళ్లారు. అక్కడ ఎవరో శాస్త్రవేత్త మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక మాట అన్నాడట. మెదడు అంటూ పెద్దగా లేని పురుగులు, నత్తలు కూడా భూమికున్న అయస్కాంత శక్తిని పసిగడతాయని. మా కమిషనర్‌గారు ఆ మాట నోటుబుక్కులో రాసుకుని, కింద రెండు గీతలు గీసుకుని వచ్చారు.

మర్నాడే సమావేశం పెట్టారు.

"భూ అయస్కాంత క్షేత్రాన్ని నత్త గ్రహిస్తుంది. దిక్సూచికి ఆడిట్ ధ్రువీకరణ కావాలి. నత్తకు ఎవరి ధ్రువీకరణ కావాలి? దాన్ని ధ్రువీకరించింది సాక్షాత్తూ ప్రకృతి" అన్నారు.

నేను లేచి, "సార్, గ్రహిస్తే గ్రహించవచ్చు. కానీ ఉత్తరం వైపే నడుస్తుందని..." అన్నాను.

"గ్రహించినది అటు నడవక ఎటు నడుస్తుందయ్యా?"

దానికి మా సర్వీసు నిబంధనల్లో జవాబు లేదు. కూర్చున్నాను.

నిపుణుల అభిప్రాయం కావాలి కనక ప్రభుత్వ కాలేజీలో జువాలజీ చెప్పే ఖుద్దూస్ మాస్టారిని పిలిపించారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ భూతద్దం ఉంటుంది. ఆయన నిదానంగా చెప్పారు.

"సముద్రం ఒడ్డున బురదలో ఉండే నత్తల మీద ఎప్పుడో కొన్ని ప్రయోగాలు చేశారండి. కింద అయస్కాంతం పెడితే, నత్త నడిచే దారి కాస్త వంగిందన్నారు. ఆ వంపు కూడా పూటను బట్టి, చంద్రుణ్ణి బట్టి మారిందన్నారు. వందల నత్తలను నడిపించి లెక్క వేస్తేగాని కనపడనంత చిన్న తేడా. ఇలాంటివి మళ్లీ చేసి చూసిన అందరికీ అదే ఫలితం రాలేదు. అయినా, తెలియడం వేరు, చూపించడం వేరు కదండీ. ఆకలేస్తోందని నాకు తెలుస్తుంది. అంతమాత్రాన అన్నం ఎక్కడుందో నా కడుపు చెప్పలేదు."

మినిట్స్ రాసింది నేనే. కమిషనర్‌గారు చెప్పినట్టు రాశాను: "నత్తలకు అయస్కాంత జ్ఞానము కలదని నిపుణులు ధ్రువపరిచినారు. ఆహార ఏర్పాట్ల విషయమై కొన్ని సూచనలు చేసినారు."

వారంలో సర్క్యులర్ వచ్చింది. "ఇకమీదట దిశా నిర్ధారణ జీవ దిక్సూచి ద్వారా మాత్రమే జరుపవలెను. నత్తను స్థలము నడుమ ఉంచి, ఎట్టి ప్రలోభమునకూ గురిచేయక, గంటసేపు గమనించి, అది చేరిన దిశను ఉత్తరముగా పరిగణించవలెను."

సూరన్న కాలవ గట్టుకు పోయి పన్నెండు నత్తలను బకెట్లో వేసుకొచ్చాడు. వాటిని ఏ రిజిస్టరులో ఎక్కించాలన్న దగ్గర రెండు రోజులు ఆలస్యమైంది. సామాను రిజిస్టరులో వేద్దామంటే ప్రాణమున్నవి. పశువుల రిజిస్టరులో వేద్దామంటే కాళ్ల సంఖ్య దగ్గర గడి ఖాళీగా ఉండిపోయింది. చివరికి, క్షేత్రస్థాయి విధులకు వెళతాయి కాబట్టి సిబ్బంది హాజరు పట్టీలో న–1 నుంచి న–12 వరకు వేశాం. మొదటివారమే న–7 బకెట్టు ఎక్కి ఎటో పోయింది. అనుమతి లేని గైర్హాజరుకు సంజాయిషీ కోరుతూ నోటీసు తయారుచేసి, బకెట్టుకు అతికించాం.

మొట్టమొదటి స్థలం వీరవేణిది.

వీరవేణి బస్టాండు పక్కన పుల్లట్లు వేసి అమ్ముతుంది. మొగుడు లేడు. చెరువుగట్టు వీధిలో అరవై గజాల స్థలం, అందులో ఒక పాక ఉండేది. కిందటేడు గాలివానకు పాక పడిపోయింది. టార్పాలిన్ పట్టా కట్టుకుని ఉంటూ, ఒక గది, మరుగుదొడ్డి కట్టుకుంటానని ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టుకుంది. మే మొదటివారంలో ఆమె వంతు వచ్చింది.

సూరన్న స్థలం మధ్యలో న–4ను పెట్టాడు. నలభై నిమిషాలు అది గుల్లలోంచి బయటికి రాలేదు. మేం గొడుగులు పట్టుకుని నిలబడ్డాం. తర్వాత కొమ్ములు చాచి, అటూ ఇటూ చూసి, పక్కింటి కుళాయి నీళ్లు పారే గుంట వైపు బయలుదేరింది. గంట పూర్తయ్యేసరికి గుంటలో ఉంది. అది అచ్చంగా పడమర దిక్కు. నేను కాగితం మీద అటు బాణం వేసి ఉత్తరం అని రాశాను.

"ఏటండి గుమాస్తాగారూ అది?" అంది వీరవేణి.

"నీ ప్లానులో రోడ్డు తూర్పు వైపు ఉందని చూపించారమ్మా. నిర్ధారణలో దక్షిణం వైపని తేలింది. రెండూ సరిపోవడం లేదు. దరఖాస్తు తిరస్కరణ అవుతుంది. మళ్లీ పెట్టుకోవాలి."

"ఇదేం చోద్యమండి. పొద్దున్న లెగిస్తే ఎండ ఇటునించే కదండి నా మొకాన పడేది."

"ఎండకు ఫారంలో గడి లేదమ్మా."

ఆమె కాసేపు గుంటలో ఉన్న న–4ను చూసింది. "మా అమ్మాయికి శ్రావణంలో పురుడండి. తీసుకొచ్చి ఈ పట్టా కింద పడుకోబెట్టమంటారా? వానలకి ఇది ఆగుద్దాండి?" అంది. గట్టిగా అనలేదు. నేను టేపు చుట్టుకున్నాను.

ఇదిలా ఉండగా, గడియారస్తంభం దగ్గర ఒక దక్షిణం ముఖం ఇంటిని మా న–2 తూర్పు ముఖమని తేల్చింది. పదేళ్లుగా అమ్ముడుపోని ఇల్లది. సాయంత్రానికి అమ్ముడైపోయింది. మర్నాడు పొద్దున నేను ఆఫీసుకు వెళ్లేసరికి వరస వీధి మలుపుదాకా ఉంది. దక్షిణం ముఖం ఇళ్లవాళ్లు, నైరుతి పెరిగిన స్థలాలవాళ్లు, వీధిపోటు ఉన్నవాళ్లు, అందరూ పునర్నిర్ధారణ కావాలన్నారు. ఇళ్ల బేరాలు చేసేవాళ్లు సొంత నత్తలను డబ్బాల్లో తెచ్చుకున్నారు. "ప్రైవేటు నత్తల నిర్ధారణ చెల్లనేరదు" అని బోర్డు పెట్టవలసి వచ్చింది.

నెల రోజుల్లో నాలుగు వందల పైచిలుకు స్థలాలు నిర్ధారించాం. పాత పోస్టాఫీసు వీధిలో ఎదురెదురుగా ఉన్న రెండు ఇళ్లూ తూర్పు ముఖమే అయ్యాయి. ఆ వీధిలో పడమర లేకుండా పోయింది. తొమ్మిదో వార్డులో మూడు ఉత్తరాలు వచ్చాయి గాని ఒక్క దక్షిణమూ రాలేదు. హైస్కూల్లో పాఠం చెప్పే టీచరుగారు ఫిర్యాదు రాశారు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని పుస్తకంలో ఉంది, మా వార్డులో ప్రస్తుతం నైరుతిలో ఉదయిస్తున్నాడు, పరీక్షలో ఏది రాస్తే మార్కులు వేయాలి అని.

కమిషనర్‌గారు జవాబు చెప్పి రాయించారు: "సూర్యోదయము ఈ సంఘపు పరిధిలోని అంశము కాదు. సదరు ఉదయము అనుమతించిన దిశకు భిన్నముగా జరుగుచున్నచో తగు చర్య నిమిత్తము సంబంధిత శాఖను సంప్రదించవలెను."

ఆయన ఇతరులకు ఒక నీతి, తనకు ఒక నీతి అనే మనిషి కారు. తన గదిలోనూ నిర్ధారణ చేయించారు. అధికారి తూర్పు ముఖంగా కూర్చోవాలని ఆయన నమ్మకం. న–9 తేల్చిన ఉత్తరాన్ని బట్టి చూస్తే, తూర్పు అంటే బీరువా పక్కనున్న గోడ. కుర్చీ తిప్పించుకున్నారు. ఆ రోజు నుంచి మేం ఆయన వీపుకు నమస్కారం పెట్టి, వీపుతో మాట్లాడి, భుజం మీదుగా ఫైలు అందించేవాళ్లం. ఆయన సంతకం చేసి భుజం మీదుగానే తిరిగి ఇచ్చేవారు.

జూన్ మూడో వారంలో వీరవేణి రెండో దరఖాస్తు వంతు వచ్చింది. అప్పటికే రెండు వానలు పడ్డాయి. ఎండ ముదరకముందే రమ్మని కబురు చేసింది. ఆరున్నరకల్లా నేనూ సూరన్నా వెళ్లాం. సూరన్న న–4ను మధ్యలో దించాడు. ఈసారి అది గుల్లలో కూర్చోలేదు. వెంటనే కొమ్ములు చాచి, తలతిప్పకుండా, గీత గీసినట్టు నడిచింది. పన్నెండు నిమిషాల్లో సరిహద్దు రాయిని చేరింది. నేను దాని వెనకాల నిలబడి చూశాను. కుడి భుజం మీద ఎండ పడుతోంది. అది ఉత్తరమే. నేను ఇరవై రెండేళ్లు బాణాలు వేసిన ఉత్తరం.

అప్పుడు కింద చూశాను. నత్త నడిచిన దారి పొడవునా జానెడు వెడల్పున మన్ను నల్లగా ఉంది. మిగతా స్థలమంతా పొడిగా తెల్లగా ఉంది. గోడ వారన ఒక చెంబు బోర్లించి ఉంది.

వీరవేణి పైటకొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

"ఈ దారి ఎవరు చెప్పారు?" అన్నాను, సూరన్నకు వినపడకుండా.

"ఖుద్దూస్ మేస్టారండి. రోజూ నా దగ్గర అట్టు తింటారు కదండి. ఆరిని అడిగేను. అయస్కాంతం దానికి ఎక్కడో గుసగుస లాగా ఇనపడతదంట. తడి మటుకు చెవిలో కేకేసినట్టు ఇనపడతదంట. మీ మీటింగులో కూడా చెబుదామనుకున్నారంట గాని, ఆరిని అడిగినోళ్లే లేరంట."

సర్క్యులర్ నాకు కంఠతా వచ్చు. ఎట్టి ప్రలోభమునకూ గురిచేయక అని ఉంది. నీళ్లు చల్లడం ప్రలోభమా కాదా అన్న వివరణ లేదు. వివరణ లేనిచోట సిబ్బంది తమ విచక్షణ ఉపయోగించవచ్చు. నా సర్వీసులో విచక్షణ ఉపయోగించడం అదే మొదలు. ఉత్తరం వైపు ఉత్తరం అని రాశాను.

ప్లానూ నిర్ధారణా సరిపోయాయి. అనుమతి వచ్చేస్తుందనుకున్నాం. కాని, సూర్యుడితో సరిపోయిన నిర్ధారణ మా దగ్గర అదొక్కటే. కాగితం చూడగానే కమిషనర్‌గారు కుర్చీలోంచి లేచారు. జీపు వేసుకుని స్వయంగా చెరువుగట్టు వీధికి వచ్చి, స్థలం మధ్యలో నిలబడి, కళ్లు మూసుకున్నారు.

"ఇక్కడ క్షేత్రం శుద్ధంగా ఉంది. దీన్ని ప్రామాణిక ఉత్తర స్థలంగా ప్రకటించాలి. మిగతా నత్తలన్నిటికీ ఇక్కడ శిక్షణ ఇవ్వాలి" అన్నారు.

సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. చుట్టూ కంచె, ముందు బోర్డు. "ఈ స్థలమున ఎట్టి కట్టడమూ నిషేధము."

మర్నాడు వీరవేణి అట్లు వేయడానికి పోలేదు. ఆఫీసు వరండాలో బెంచీ మీద పొద్దుట్నుంచి కూర్చుంది. మధ్యాహ్నం నేను బయటికి వచ్చేసరికి లేచి నిలబడింది.

"నేనేఁవన్నా తప్పు చేసేనాండి?"

"లేదమ్మా. సరిగ్గా చూపించావు. అదే ఇబ్బంది అయింది."

"మరి ఇప్పుడెలాగండి? వచ్చే నెల్లో పిల్లొచ్చేత్తది."

దిక్సూచి ఉన్న ఇరవై రెండేళ్లలో నేను ఎవరి ఇల్లూ ఆపలేదు. ఆ రోజు నా సంతకంతో, అదీ నిజం రాసిన సంతకంతో, ఒక ఇల్లు ఆగిపోయింది. భోజనం డబ్బా పక్కన పెట్టి కాగితం తీసి నోట్ రాయడం మొదలుపెట్టాను. ఎవరూ చెప్పకుండా నా అంతట నేను రాసిన నోట్ అదొక్కటే.

"ప్రామాణిక ఉత్తర స్థలమున వాన నీరు నిలిచినచో ప్రామాణికతకు భంగము వాటిల్లును. కావున ఆ స్థలముపై పక్కా కప్పు అత్యవసరము. అన్యులు నత్తలను ప్రలోభపెట్టకుండుటకు రేయింబవళ్లు కాపలా అవసరము. కాపలా వ్యక్తి నత్తలకు పరిచితమైన వారై ఉండవలెను. వారి నివాసము నిమిత్తము గోడలు, వంట గట్టు, మరుగుదొడ్డి అవసరము. ఇది కట్టడము కాదు, పరిరక్షణ. స్థలమే దిశకు ప్రమాణము గనుక దీనికి వేరే దిశా నిర్ధారణ అక్కరలేదు." కింద ఒక గది బొమ్మ గీశాను. వీరవేణి దరఖాస్తులో ఉన్న గదే.

కమిషనర్‌గారి భుజం మీదుగా ఫైలు అందించి నిలబడ్డాను. ఆయన చదివారు. రెండోసారి చదివారు. తర్వాత, నెల రోజుల్లో మొదటిసారి, కుర్చీ నా వైపు తిప్పారు.

"సోమసుందరం, ఇక్కడ కప్పుకు కొక్కెం ఎందుకు?"

"నత్తల బుట్ట వేలాడదీయడానికి సార్. చీమలు పట్టకుండా."

"రెండు కొక్కేలు వేశావు. పక్కపక్కన."

"బుట్ట కాస్త పొడుగ్గా ఉంటుంది సార్."

ఆయన నా మొహంలోకి చూశారు. ఏం అర్థమైందో నాకు ఇప్పటికీ తెలియదు. "మా అమ్మ కూడా ఇలాంటి బుట్ట ఒకటి దాచుకుంది" అన్నారు. సంతకం చేసి, కుర్చీ మళ్లీ గోడ వైపు తిప్పుకున్నారు.

ప్రామాణిక ఉత్తరం వానలో తడుస్తోందంటే అది అత్యవసర పని. మా ఊళ్లో మరుగుకాలవకు మూత వేయడానికి రెండేళ్లు పట్టింది. ఈ గది ముప్ఫై నాలుగు రోజుల్లో లేచింది. కాపలా మనిషిగా వీరవేణిని నియమించారు. పొద్దున అట్లు వేసుకుని పదింటికి వచ్చి నత్తలకు శిక్షణ ఇచ్చేది. అంటే బకెట్లో ఇంత ఆకు వేసి మూత పెట్టేది. శ్రావణం రెండో శుక్రవారం నాడు కూతురు ఆస్పత్రి నుంచి పాపను తీసుకుని ఆ గదిలోకి వచ్చింది. బయట జోరున వాన. కొక్కేలకు చీర కట్టి ఉయ్యాల వేశారు. చూడ్డానికి ఖుద్దూస్ మాస్టారూ నేనూ ఒకే గొడుగులో వెళ్లాం.

సెప్టెంబరులో విశ్వంభరంగారికి రాష్ట్రస్థాయి ప్రశంసాపత్రంతో బాటు బదిలీ వచ్చింది. కొత్త కమిషనర్‌గారికి నత్తలంటే పడదు. వచ్చిన వారంలో కొత్త దిక్సూచి తెప్పించి, ధ్రువీకరణ పత్రం జత చేయించి, జీవ దిక్సూచి పథకాన్ని రద్దు చేశారు. సూరన్న చివరిసారి హాజరు వేసి, పదకొండు నత్తలను కాలవ గట్టున విడిచిపెట్టాడు. అన్నీ నీళ్ల వైపే పోయాయని రిపోర్టు ఇచ్చాడు. నాలుగు వందల ఇళ్ల బాణాలు దిద్దడం ఇంకా జరుగుతోంది. పాత పోస్టాఫీసు వీధిలో ఎవరూ పడమరకు ఒప్పుకోవడం లేదు.

పథకం పోయింది గనక పరిరక్షణ గదిని కూల్చాలని ఆడిట్ వారు రాశారు. కూల్చడానికి అనుమతి కావాలి. ప్రామాణిక స్థలంలోని నిర్మాణాన్ని కదిలించాలంటే అదే పథకం కింద నిర్ధారణ పత్రం ఉండాలని పాత ఉత్తర్వులో ఉంది. పథకమే లేదు కాబట్టి ఆ పత్రం ఇచ్చే అధికారి లేరు. ఆరు నెలలు ఫైలు తిరిగింది. చివరికి స్థలం యజమానికే అప్పగించి, ఇంటి నంబరు ఇమ్మని కొత్త కమిషనర్‌గారు విసుగ్గా రాశారు.

ఆ ఫారం పట్టుకుని నేనే వెళ్లాను. వీరవేణి గుమ్మంలో పీట వేసింది. పాప నా బూటు లేసు పట్టుకుని లాగుతోంది. ఒక్కొక్క గడీ నింపుకుంటూ వచ్చాను. యజమాని పేరు, తండ్రి పేరు, గదుల సంఖ్య.

"సింహద్వారం ఏ దిక్కని రాయమంటావమ్మా?"

కొత్త దిక్సూచి నా సంచీలోనే ఉంది. తీయబోయాను. ఆమె చేత్తో వద్దని వారించింది.

"ఈది వేపని రాయండి గుమాస్తాగారూ. మనుసులొచ్చేది అటునించే కదండి."

ఆ గడిలో అదే రాసి సంతకం పెట్టాను.